నడుములో సూది

మా అక్క ఉండేది కోరుట్లలో. ఆమె వాడకట్టులో నడుము నొప్పి లేని ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అందరూ బీడీలు చేసేవాళ్ళే. పొద్దున ఇంటిపని ముగించుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని గడపలో కూర్చుంటే ఇక అదే పని. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. వంచిన తల సాయంత్రం కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే వేళకు గానీ ఎత్తరు. అక్కడ నడుము నొప్పిని ఎవరూ రోగం కింద లెక్కపెట్టరు. నొప్పి లేదని ఎవరైనా అంటే ఆమె పనిదొంగ అన్నమాట.

మా అక్క మాత్రం బీడీలను ఒక్క మాట అననిచ్చేది కాదు. బావ మస్కట్‌లో ఉన్న ఏళ్ళన్నీ ఇల్లు నడిపింది ఆ పనే. ఆమె కోపమంతా సూది మీద. ఒక్కగానొక్క బిడ్డ పుట్టినప్పుడు ఆపరేషన్ చేయాల్సి వచ్చి నడుములో మత్తుసూది ఇచ్చారు. మత్తు ఎక్కాక నడుము నుంచి కిందికి ఏమీ తెలియక, బల్ల మీద పడుకునే "నా కాళ్ళేవి, నా కాళ్ళేవి" అని అరిచిందట. కాసేపటికి బిడ్డ వచ్చింది, ఆ తర్వాత కాళ్ళూ వచ్చాయి, భయం మాత్రం పోలేదు. అప్పటి నుంచి నడుము కలుక్కుమన్న ప్రతిసారీ ఆ సూది ఖాతాలోనే రాసేది. ఆ మాటకొస్తే మా వైపు ఆపరేషన్ అయిన ఆడవాళ్ళలో చాలామంది ఇదే అంటారు. నేను జగిత్యాలలో ఒక సర్కారు బడిలో సైన్సు చెబుతాను. మత్తుమందు ఆ పూటకే ఒంట్లోంచి పోతుందని ఎన్నిసార్లు చెప్పబోయినా, బడిపిల్లలకు చెప్పుకొమ్మని నా నోరు మూయించేది. నా నోరు మూయించడంలో ఆమెను మించినవాళ్ళు లేరు.

అందుకే ఆ చలికాలం ఆమె నొప్పి మారిపోయిన సంగతి అందరికంటే ఆలస్యంగా తెలిసింది మాకే. కిందపడ్డ కత్తెర తీసుకోవాలంటే నడుము వంచేది కాదు. మోకాలి మీద చెయ్యి వేసుకుని, వీపు నిటారుగా పెట్టుకుని, మెల్లగా కిందికి కూలబడి తీసుకునేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. రవికెలు వదులయ్యాయి. సన్నబడి పెళ్ళికూతురిలా అయ్యావని నేనే ఆటపట్టించాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు పుడుతుంది.

పోట్లాడి జగిత్యాల దవాఖానాకు తీసుకొచ్చాను. అక్కడి డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. అక్కను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, వెన్నెముక మీద ఒక్కో పూసనూ వేలి కణుపుతో తట్టుకుంటూ వచ్చింది. ఒక చోట తట్టగానే అక్క కెవ్వుమంది. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండేదా అని డాక్టరమ్మ అడిగింది. అక్క లేదంది. మా బాపుకు ఉండేదని నేను చెప్పాను. అంతే, కోరుట్ల బస్సెక్కేదాకా ఆమె నాతో మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. మా పుట్టిల్లు సిరిసిల్ల. బాపు సాంచాలు నడిపేవాడు, మరమగ్గాలను మా దగ్గర అట్లాగే అంటారు. మా చిన్నప్పుడు ఆయనకు దగ్గు పట్టుకుంది. దూది దుమ్ము వల్లనే అనుకుంటుండగానే తెమడలో నెత్తురు పడింది. ఆయన కంచం వేరైంది, గ్లాసు వేరైంది, పక్క వసారాలోకి మారింది. నన్ను జగిత్యాల హాస్టల్లో వేశారు. అక్క ఇంట్లోనే ఉండి ఆయనకు అన్నం పెట్టింది, తెమడ గిన్నెలో బూడిద పోసి ఎత్తిపోసింది. మందులు వాడి బాపు బాగయ్యాడు, తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. అయినా వేరైన కంచం మళ్ళీ మా కంచాల్లో కలవలేదు. టీబీ అంటే మా అక్కకు ఆ కంచం గుర్తొస్తుంది. టీబీ అంటే దగ్గు అనీ, దగ్గు లేకపోతే టీబీ లేదనీ కూడా ఆమె అక్కడే నేర్చుకుంది.

డాక్టరమ్మ ముందు ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష రాసింది. వెన్నెముకకు పెద్ద స్కానింగ్ కూడా రాసింది, దానికి తేదీ దొరకడానికి సమయం పట్టింది. దగ్గే లేని మనిషి తెమడ ఎక్కడి నుంచి తెస్తుంది? గొంతు గీరుకుని గీరుకుని ఏదో ఉమ్మి ఇచ్చింది. అందులో ఏమీ లేదన్నారు. ఎక్స్‌రేలో కూడా ఏమీ లేదన్నారు.

ఇక ఎక్స్‌రే సంగతి. గల్ఫ్‌కు పోయే మగవాళ్ళున్న వాడల్లో ఎక్స్‌రే చూడటం చదువు రానివాళ్ళకు కూడా వచ్చు. వీసా వచ్చాక మెడికల్ చేస్తారు. ఊపిరితిత్తుల్లో చిన్న దాగు, అంటే మచ్చ, కనబడినా అన్‌ఫిట్ అంటారు, ఇక ఆ మనిషి ఇంట్లోనే. అందుకని ఎక్స్‌రే చేతికి రాగానే ఎండకు ఎత్తిపట్టి దాగు వెతుకుతారు. మా బావ మస్కట్ నుంచి వీడియో కాల్‌లో ఆ ఫిల్మును కిటికీకి ఆనించి పట్టుకోమన్నాడు. ఆ మూల చూపించు, ఈ మూల చూపించు అని చాలాసేపు చూశాడు.

"దాగు లేదు పిల్లా," అన్నాడు నాతో. "మీ అక్క ఫిట్. మస్కట్‌కు తోలియ్యి."

అక్క చాలా రోజులకు నవ్వింది. పక్కింటి ఆపా, ఆమె కూడా బీడీలే చేస్తుంది, సేమ్యా వండి గిన్నె నిండా పంపింది. ఆ సాయంత్రం వాడకట్టంతా మా అక్కకు టీబీ లేదని తేల్చేసింది. నేను కూడా సేమ్యా తిన్నాను.

స్కానింగ్ వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. పక్కపక్క పూసలు రెండు కొరికేసినట్టున్నాయి, నడుమ చీము పట్టింది. ఇంకా ముదిరితే ఆ చీము కాళ్ళకు పోయే నరాలను నొక్కేస్తుందని ఉన్నదున్నట్టు చెప్పింది. తెమడలో లేదన్నారు గదా అని అక్క గట్టిగా అడిగింది.

"తెమడలో లేదంటే ఊపిరితిత్తుల్లో కనబడలేదని అర్థం అమ్మా. ఎముకలో ఏముందో తెమడకు ఎట్లా తెలుస్తుంది?"

స్కానింగ్‌లో పాడైన చోటు కనబడుతుంది తప్ప పాడుచేసింది ఎవరో కనబడదని ఆమె చెప్పింది. టీబీ కావచ్చు, వేరే చీము రోగం కావచ్చు, క్యాన్సర్ కూడా కావచ్చు. కరీంనగర్‌లో, స్కానింగ్‌లో చూసుకుంటూ ఆ పూసల్లోకి సూది పంపి కొంచెం చీమూ ముక్కా తీసి తెస్తే, ఇక్కడే మిషన్‌లో పెడతామంది. టీబీ పురుగు మొత్తంగా కంటికి కనబడనక్కర్లేదు, దాని జన్యువు ఏ కొంచెం ఉన్నా ఆ మిషన్ గుర్తుపడుతుంది. మందుకు లొంగే పురుగా, మొండిదా అన్నది కూడా ఒక్క పూటలో చెబుతుంది. ఎముకలో పురుగులు తక్కువ కాబట్టి ఒక్కోసారి దొరకకుండా కూడా పోవచ్చు. నాకు వింటుంటేనే ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం అందులో ఒక్క మాటే విన్నది. సూది.

నడుములో మళ్ళీ సూది పెట్టించుకోనని కూర్చుంది. బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. అన్నం మానేస్తే నీకే మంచిది, లావయ్యావు అంది. చివరికి బావ ఫోన్‌లో గొంతు మార్చి, నువ్వు నడవకపోతే నేను పనొదిలేసి రావాల్సిందేనని అన్నాక మెత్తబడింది. కానీ ఒక షరతు. నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఒక్కసారే చెల్లె. మల్ల గీ సూది ముచ్చట ఎత్తనని నా నెత్తి మీద ఒట్టెయ్యి."

వేశాను. ఒక్కసారితో పని అయిపోతుందని నమ్మకం.

సూది పెట్టింది కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. లోపల అక్క అరుపు వినబడలేదు. బయటికి తెచ్చినప్పుడు మొహం చెమటతో తడిసిపోయి ఉంది కానీ కాళ్ళు కదిలిస్తూ ఉంది, కదులుతున్నాయని నాకు చూపించింది. బావ తమ్ముడు ఆమెను కారులో కోరుట్లకు తీసుకుపోయాడు. వాళ్ళిచ్చిన సీసాను దస్తీలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని నేను జగిత్యాల బస్సెక్కాను. గంగాధర దాటినా, కొండగట్టు దాటినా నా చెయ్యి ఆ సీసా మీదనే ఉంది. మల్యాల దగ్గర ఎక్కినామె పసిపిల్లను కాసేపు పట్టుకొమ్మంటే, పట్టుకోలేనని చెప్పాను. ఆమె నన్ను అదోరకంగా చూసింది.

డాక్టరమ్మ సీసా మూత తీసింది. గుప్పున వాసన వచ్చింది. అది నాకు బాగా తెలిసిన వాసన. మా బడి ల్యాబులో పామును ఉంచిన సీసాది.

ఆమె మూత బిగించి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఇందులో ఫార్మాలిన్ పోశారు. అది ముక్కను కుళ్ళనివ్వదు, కోసి పెద్ద చేసి చూడటానికి పనికొస్తుంది, కానీ మిషన్ వెతికే జన్యువును పాడుచేస్తుంది. సగం ఉత్త ఉప్పునీళ్ళలో వేయమని ఆమె చీటీ రాసి ఫైల్లో పెట్టింది. అక్కడ ఆ ఫైలు విప్పినవాళ్ళు లేరు. ముక్క తీస్తే ఏ సీసాలో వేయడం అలవాటో ఆ సీసాలోనే మొత్తం వేశారు. ఎవరిని తిట్టాలో నాకు తోచలేదు, అందరినీ తిట్టాలనిపించింది. గుక్కెడు ఉప్పునీళ్ళు! మా ఇంట్లో ఉప్పు లేదా, నీళ్ళు లేవా? మా అక్క నెత్తి మీద చెయ్యి పెట్టి సంపాదించిన ఒక్క సూదిని ఆ సీసాలో ముంచేశారు.

ఆ ముక్కను కోసి చూసిన చోటు నుంచి, చచ్చిన కండ తప్ప ఏమీ తేలలేదని జవాబు వచ్చింది. డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. మళ్ళీ సూది పెట్టడం ఒకటి, తేలకపోయినా టీబీయే అనుకుని మందులు మొదలుపెట్టడం ఇంకొకటి. రోగమేందో తెలియకుండా ఏడాది పొడుగునా మందులు మింగేది లేదని అక్క తేల్చేసింది. ఆ మాట తప్పని నేను అనలేను. నేనైనా అట్లాగే అనేదాన్నేమో.

సూది గురించి మళ్ళీ అడిగాను. ఒట్టు తప్పి అడిగాను. కొత్త సీసా నేనే పట్టుకుని నిలబడతానని, ఉప్పునీళ్ళు నేనే చూస్తానని చెప్పాను. ఆమె చాట మీద నుంచి తల ఎత్తి నన్ను చూసి, మళ్ళీ ఆకు కత్తిరించుకుంది. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. కథలాపూర్‌లో ఎవరో పసరు కట్టు కడతారంటే అక్కడికి పోయి కట్టించుకుందని ఆపా చెప్పింది. కట్టు ఉన్నన్నాళ్ళు నొప్పి తగ్గిందట. కట్టు బిగువుకు నడుము కదలక తగ్గి ఉంటుంది. నేను ఇంటికి పోతే చాయ్ పెట్టేది, ఎదురుగా కూర్చునేది, నడుము ఊసు ఎత్తగానే లేచి వంటింట్లోకి పోయేది. ఎండాకాలం అట్లా గడిచిపోయింది. ఆ ఎండాకాలాన్ని వెనక్కి ఇవ్వమని ఎవరినైనా అడగగలిగితే అడిగేదాన్ని.

వానలు పడ్డాక ఒక సాయంత్రం ఆపా నాకు ఫోన్ చేసింది. అక్క కార్ఖానాలో బీడీలు ఇచ్చి ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కోబోతూ చూస్తే ఒక కాలికే చెప్పు ఉంది. రెండో చెప్పు బజారులో బురదలో పడి ఉంటే ఆపా గుర్తుపట్టి తెచ్చింది. అంత దూరం వట్టి కాలితో, రాళ్ళ మీద, నీళ్ళలో నడిచొచ్చి, చెప్పు లేదన్న సంగతి ఆమెకు తెలియలేదు.

నేను పోయేసరికి మంచం మీద కూర్చుని ఆ చెప్పును చేతిలో పట్టుకుని చూస్తోంది. అరికాలు చీరుకుపోయి ఉంది. కడిగి పసుపు పెట్టాను. అబ్బా అనలేదు.

"నువ్వు ఒట్టు తప్పినవ్ చెల్లె," అంది. "గందుకే నా కాళ్ళు పోతున్నయ్."

తిట్టినట్టు లేదు. నిజంగానే అనుకుని, నా మీద జాలిపడి చెప్పినట్టు అంది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఏడుపు ఆగేదాకా నా వెన్ను నిమిరి, చిన్నప్పుడు ఆటల్లో అన్నట్టే అంది.

"సరే తియ్యి. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. ఏడికి పోవాల్నో పోదాం పా."

ఈసారి కరీంనగర్‌లో వేరే చోటికి పోయాం. తలుపు దగ్గర నుంచి నేను కదలలేదు. రెండు సీసాలు బయటికి తెప్పించి, ఉప్పునీళ్ళ సీసా ఏదో నోటితో చెప్పించుకుని, మూత తీసి వాసన చూశాను. వాసన లేదు. పిచ్చిదాన్ని అనుకున్నా సరే అనుకున్నాను. జగిత్యాలలో సీసా ఇచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాను. కోరుట్లకు ఆఖరి బస్సు ఇంకా ఉండగానే జవాబు వచ్చింది. టీబీయే. మందుకు లొంగే రకమే. ఎండాకాలమంతా మాకు దొరకని మాట, ఒక్క మధ్యాహ్నంలో.

ఇంట్లో వేరే ఎవరూ దగ్గడం లేదు గదా, మరి ఈమెకు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. చిన్నప్పుడే లోపలికి పోయి, ఏళ్ళ తరబడి నిద్రపోయి, ఒంట్లో బలం తగ్గినప్పుడు లేచి ఉండవచ్చని డాక్టరమ్మ అంది. ఖచ్చితంగా చెప్పలేమని కూడా అంది. నాకు వసారా కనబడింది, బూడిద పోసిన గిన్నె కనబడింది. నేను హాస్టల్లో పాఠాలు చదువుకుంటున్నప్పుడు ఆ గిన్నె ఎత్తిన చేతులు ఆమెవి. ఈ మాట ఆమెకు చెప్పలేదు. చెబితే బాపును తప్పుపడుతున్నానని నాతోనే పోట్లాడుతుంది.

మందులు మొదలయ్యాయి. చీము నరాలను నొక్కుతోందని హైదరాబాద్ పంపారు, అక్కడ ఆపరేషన్ చేశారు. బావ సెలవు పెట్టి వచ్చి దగ్గరుండి చూసుకున్నాడు. ఎక్స్‌రేలు, స్కానింగులు అన్నీ ఒక సంచిలో పెట్టుకుని తిరిగాడు కానీ ఏ ఒక్కదాన్నీ ఎండకు ఎత్తి చూడలేదు. జ్వరం పోయింది, నొప్పి పోయింది, రవికెలు మళ్ళీ బిగుతయ్యాయి. ఎముకలో టీబీ ఎవరికీ అంటదని డాక్టరమ్మ చెప్పినా, అక్క తన కంచం తానే వేరు పెట్టుకుంది. బావ అందులోనే చెయ్యి పెట్టి తినేదాకా ఆ వేరు కంచం వదల్లేదు. ఇప్పుడు వాకర్ పట్టుకుని గడప దాకా నడుస్తుంది. కింద కూర్చోలేదు. కుర్చీ ముందు బల్ల వేసి దాని మీద చాట పెట్టిచ్చాం. బల్ల మీద బీడీ కుదరడం లేదని, చేతులకు ఆ పని ఒళ్ళోనే వచ్చని అంటుంది.

మొన్న మళ్ళీ చూపించడానికి జగిత్యాల తీసుకొచ్చాను. ముందే తెలిసి ఉంటే కాళ్ళు పూర్తిగా దక్కేవా అని అక్క లేనప్పుడు డాక్టరమ్మను అడిగాను. ఆమె నా వైపు చూసింది, అబద్ధం చెప్పాలా వద్దా అన్నట్టు. దక్కేవని అంది. ఎంతవరకు తిరిగొస్తాయో ఇప్పుడు చూద్దామంది.

అక్కను బల్ల మీద కూర్చోబెట్టి కాళ్ళు చాపించింది. కళ్ళు మూసుకొమ్మంది. చేతిలో సన్నటి సూది తీసుకుని, గుచ్చినప్పుడల్లా చెప్పమంది. మోకాలి దగ్గర గుచ్చితే అక్క "అగో" అంది. పిక్క దగ్గర కొంచెం ఆగి "అగో" అంది. తర్వాత పాదం. డాక్టరమ్మ వేళ్ళ కింద గుచ్చింది, మడమ దగ్గర గుచ్చింది, ఆ తర్వాత అరికాలి నడుమ కొంచెం గట్టిగానే నొక్కిపట్టింది. చూస్తున్న నా కాళ్ళు జివ్వుమన్నాయి. అక్క నా చెయ్యి పట్టుకుని, బడిలో లెక్కకు జవాబు చెప్పబోయే పిల్లలా శ్రద్ధగా కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. చాలాసేపు ఎవరూ మాట్లాడకపోయేసరికి డాక్టరమ్మ వెనకాడుతోందని అనుకున్నట్టుంది. సూది ఇంకా అరికాల్లోనే ఉంది.

"గుచ్చు మేడం," అంది. "నాకిప్పుడు సూదంటే బయం లేదు."